బొమ్మ మీది, గొంతు మా పిల్లది

ఎనీకలర్ సంస్థ అధిపతి తజుమి రికు గారికి,
టోక్యో.



మా కాలేజీలో చదివే ఆడపిల్లల్లో కొందరికి మీ దగ్గర పని కావాలి. దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు, అందుకని ఇది సిఫారసు ఉత్తరం కాదు. పని ఇచ్చేటట్టయితే ఏ షరతుల మీద ఇవ్వాలో మాట్లాడుకుందామని రాస్తున్నాను. పిల్లల తరఫున పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడటం మా వైపు మామూలే, మీరు తప్పుపట్టరనుకుంటాను. పత్రికలో అచ్చయ్యేలా రాయడానికి కారణం, ఆ పిల్లల అమ్మానాన్నలు కూడా దీన్ని చదవాలి.

మాది దాచేపల్లి, పల్నాడు జిల్లా. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా అని రాసుకునేవాళ్లం. హైదరాబాదు నుంచి గుంటూరు వైపు వచ్చే రైలు కృష్ణ దాటితే పొందుగల, ఆ తర్వాత నడికుడి జంక్షను. అక్కడ దిగితే మేమే. సున్నపురాయి, సిమెంటు, మిరప, పత్తి, వీటి మీద బతికే ఊరు. వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడంటే పక్కనున్న రెంటచింతల పేరు పేపర్లో వస్తుంది, దాన్నిబట్టి మా సంగతి మీరే ఊహించుకోవచ్చు. నేను ఇక్కడ తెలుగు చెబుతాను. మీ సంస్థ పేరు, నిజిసాంజీ అన్న పేరు, విట్యూబర్ అన్న మాట అన్నీ నాకు నా విద్యార్థినులు నేర్పినవే.

విట్యూబర్ పని ఏమిటో తల్లిదండ్రుల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. ఒక చిత్రకారిణి ఒక అమ్మాయి బొమ్మ గీస్తుంది. కనురెప్ప, కనుబొమ, పెదవి, జుట్టుపాయ, దేనికది విడిగా. లైవ్‌టూడీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కలను కీళ్లు కట్టినట్టు కడతారు. ఎదురుగా ఫోను కెమెరా పెట్టుకుని మీ అమ్మాయి నవ్వితే బొమ్మ నవ్వుతుంది, తల వాలిస్తే తల వాలుస్తుంది. చూసేవాళ్లకు బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది, వినపడేది మీ అమ్మాయి గొంతు. ఆ బొమ్మతో మూడు నాలుగు గంటలు ఏకబిగిన కబుర్లు చెప్పాలి, పాడాలి, వీడియో గేమ్ ఆడాలి, కింద వచ్చి పడే వ్యాఖ్యలకు అప్పటికప్పుడు బదులివ్వాలి. మెచ్చినవాళ్లు డబ్బు పంపిస్తారు. అందులో యూట్యూబ్ 30 శాతం తీసుకుంటుంది, మిగిలినదాంట్లో కంపెనీ వాటా కంపెనీది. 2016లో కిజునా ఐ అనే బొమ్మతో ఇది జపానులో ఊపందుకుంది. అప్పట్లో ఒంటినిండా పరికరాలు తగిలించుకుని చేసే ఖరీదైన పని. రికు గారూ, మీరు కాలేజీలో చదువుకుంటూనే 2017లో కంపెనీ పెట్టారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఐఫోన్ ముందు కూర్చుంటే చాలన్నంత తేలిక చేసి ఎనిమిది మందితో నిజిసాంజీ మొదలుపెట్టారు. ఆ ఎనిమిది మందిలో స్కూలు పిల్ల వేషంలో ఉండే త్సుకినో మితోను మా పిల్లలు లీడరు అని పిలుస్తారు. ఫోను ఒక్కటి ఉంటే చాలన్న మీ ఆలోచనే ఈ పనిని దాచేపల్లి దాకా తెచ్చింది. ఆ గొప్ప మీది, కాదనను.

జపాను పిల్లల్లా నెట్‌లో వెలగాలన్న కోరిక మా వాళ్లతో మొదలవలేదు. 2006 ప్రాంతాల్లో అమెరికాలో పెన్సిల్వేనియా నుంచి మాగిబాన్ పేరుతో ఒక అమ్మాయి యూట్యూబ్‌లోకి వచ్చింది. కళ్లు పెద్దవి చేసి కెమెరాను చూడటం, నవ్వడం, చెయ్యి ఊపడం, వీడియో అయిపోవడం, అంతే. జపాను వాళ్లు పిలిపించుకుని టీవీలో చూపించారు. 2009లో ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న దీవి నుంచి బెకీ క్రూయెల్ అనే పద్నాలుగేళ్ల పిల్ల తన గదిలో ఒక జపాను పాటకు డాన్సు చేసి పెట్టింది. ఆ పిల్లనూ పిలిచారు, పాటలు రికార్డు చేయించారు, బీబీసీ వాళ్లు డాక్యుమెంటరీ తీశారు. ఇద్దరి విషయంలోనూ అమ్ముడుపోయింది ఒక వింత: తెల్లపిల్ల మన ఆట ఆడుతోందన్న వింత. వింత పాతబడటానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆ వరసలో నల్లరేగడి నేలలో పుట్టిన మా చామనఛాయ పిల్లను ఎవరైనా పిలిచి ఉండేవారా అన్నది నేను అడగక్కర్లేని ప్రశ్న. మీ బొమ్మ వచ్చాక ఆ చిక్కు పోయింది. ఎవరి రంగూ ఎవరికీ కనిపించదు. ఇది సంతోషించవలసిన సంగతో, బాధపడవలసిన సంగతో నాకు ఇప్పటికీ తేలలేదు.

మా పక్క రాష్ట్రం ఒడిశాలో రూర్కెలా అమ్మాయి శ్రియా లెంకా 2022లో కొరియా బృందం బ్లాక్‌స్వాన్‌లో చేరినప్పుడు మా క్లాసులో ఆ రోజంతా అదే మాట. కాని అది సియోల్ వెళ్లి, ఒళ్లు విరుచుకుని, శిక్షణలో మగ్గి చేసే పని. ఇది ఇంట్లో కూర్చుని, తలుపు వేసుకుని, ముఖం చూపించకుండా చేసే పని. నాన్నను ఒప్పించడంలో ఈ తేడా ఎంతదో ఆడపిల్లలకే తెలుసు.

ముఖం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడుంది.

టిక్‌టాక్ ఉన్న రోజుల్లో పొలం గట్ల మీద, మిరప కళ్లాల్లో మా వైపు ఆడవాళ్లు డాన్సులు చేసి పెట్టారు. 2020 జూన్ చివర్లో ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు అదీ పోయింది. పోయినందుకు ఊపిరి పీల్చుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కూతురి ముఖం ఎవరి ఫోనులో ఉందో, దాన్ని ఏం చేస్తున్నారో అన్న భయం ఉత్తుత్తిదేం కాదు. 2023 నవంబరులో రష్మికా మందన్న ముఖాన్ని ఎవరో ఇంకొకావిడ ఒంటికి అతికించి వదిలారు, దేశమంతా చూసింది. మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న యువకుడు ఎక్కడివాడో తెలుసా? మా గుంటూరు వైపు వాడే. ఇంజనీరింగు చదివినవాడు. పోలీసులు చెప్పిన కారణం ఇంకా వింత: ఆమె అభిమాని పేరుతో నడిపే పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట. అభిమానమే ఆ పని చేయించింది! రష్మిక కాబట్టి కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. దాచేపల్లి ఇంటర్ పిల్లయితే చదువు మానిపించి సంబంధాలు చూసేవాళ్లు.

అందుకని మా పిల్లలకు మీ బొమ్మ ముఖం ఫ్యాన్సీ వస్తువు కాదు. అది తలుపుకు గడియ. నాకు తెలిసిన అమ్మాయి ఒకతె ఉంది, పేరు చెప్పను. వీరాయిడ్ అని జపాను వాళ్లదే ఒక సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుందట. అందులో తన బొమ్మ తనే చేసుకుంది. లంగాఓణీ అందులో లేదు, ఉన్న గౌను మీద రంగులు మార్చి ఓణీ గీసుకుంది. జడ కుదరలేదని ఇప్పటికీ బాధ. వాళ్లింట్లో పత్తి ధర వచ్చేదాకా ఒక గదిలో కుప్ప పోస్తారు. ఆ గదిలోనే రికార్డింగు. పత్తి ఉన్న గదిలో ప్రతిధ్వని ఉండదు మరి, స్టూడియోలు వేలు పోసి గోడలకు తాపడం చేయించేది ఇందుకే. పత్తి అమ్మేసి ఆ గదిలో ఎండుమిర్చి బస్తాలు వేసినప్పుడు మాత్రం అటువైపు వెళ్లలేదు, గొంతు పట్టేస్తుందని. అమ్మకు ఆన్‌లైన్ క్లాసు అని చెప్పింది. ఈ వాక్యం చదివి వాళ్లమ్మ నన్ను తిడుతుందేమో, తిట్టనివ్వండి.

ఆ అమ్మాయి మీద నాకో ఫిర్యాదు ఉంది. బొమ్మ పెట్టుకోగానే గొంతు మారిపోతుంది. ముక్కుతో పలికే సన్నని కీచు గొంతు, అరువు తెచ్చుకున్న ఇంగ్లిషు, మధ్యలో నాలుగు జపాను మాటలు. అదే పిల్ల క్లాసులో లెక్చరర్లను, బస్సు కండక్టరును, మిరప కోతలకు వచ్చే ముఠా మేస్త్రీని అనుకరిస్తే బెంచీలు కదిలిపోతాయి. ఎదుటివాడు ఒక మాట అనేలోపు మూడు అంటుంది. మీ వ్యాపారానికి కావలసింది ఆ నోరే కదా! ఎదురుగా పడే వ్యాఖ్యలకు చురుగ్గా బదులివ్వగలిగినవాళ్లే మీ దగ్గర నిలబడ్డారని ఆ పిల్లలే నాకు చూపించారు. అయినా పల్నాటి మాటతో బొమ్మను ఆడించవచ్చని వాళ్లకు తోచదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, వీళ్లేమో ఇంటికి తెలియకుండా రచ్చకెక్కాలని చూస్తున్నారు.

తప్పంతా పిల్లలదే అనను. మీరు మా దేశానికి ఒకసారి వచ్చారు. 2021 మొదట్లో భారతదేశానికని ఒక శాఖ పెట్టి ఆద్య, నూర్, విహాన్ అని ముగ్గురిని తెచ్చారు. వాళ్లు మాట్లాడింది ఎక్కువగా ఇంగ్లిషు, హిందీ. ఏప్రిల్ చివరికల్లా ఆ శాఖ మూతపడింది. మే నెలలో మీ ఇంగ్లిషు శాఖ మొదలైంది, అది ప్రపంచమంతా పాకింది. వ్యాపారంలో లాభనష్టాలు మీకు తెలిసినంత నాకు తెలియవు. నాకు కనిపించింది ఇంతే: ఇండియా అనే బోర్డు కింద ఒక భాష ఉంటుందనుకుంటే ఎవరికైనా చిక్కే. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లే 8 కోట్ల పైన. డోరేమాన్ మా పిల్లలతో తెలుగులోనే మాట్లాడాడు. ‘డీమన్ స్లేయర్’ ఇన్ఫినిటీ కాజిల్ 2025 సెప్టెంబరులో మా థియేటర్లలో తెలుగులో కూడా ఆడింది. మీ దేశపు బొమ్మల నోట తెలుగు కొత్త కాదు, మీ కంపెనీకే కొత్త. ఇండోనేషియాలో చూడండి. అక్కడి జకార్తాలో 2011 నుంచి జేకేటీ48 అనే అమ్మాయిల బృందం వాళ్ల భాషలోనే పాడుతోంది. మీ పోటీ సంస్థ హోలోలైవ్ 2020లో అక్కడ శాఖ పెడితే, కోబో కనయేరు అనే బొమ్మ వెనకున్న పిల్ల ఇండోనేషియా మాటల ధోరణితోనే లక్షల మందిని కట్టిపడేసింది. మీకూ 2019 నుంచి అక్కడ మనుషులున్నారు. అక్కడ పనికొచ్చిన సూత్రం కృష్ణ ఒడ్డున ఎందుకు పనికిరాదు?

ఇక బొమ్మ, గొంతు సంగతి. ఈ విషయంలో తెలుగువాళ్లకు మీకన్నా అనుభవం ఎక్కువ. నవ్వకండి, చెబుతాను.

మా సినిమాల్లో హీరోయిన్లు చాలామంది ఎక్కడెక్కడి నుంచో వస్తారు, తెలుగు రాదు. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ 2004లో, ‘గోదావరి’ 2006లో వచ్చాయి. రెండిట్లోనూ కథానాయిక కమలినీ ముఖర్జీ. ఆ పొగరు, ఆ చనువు, అలిగినప్పటి ఆ విసురు మా గుంటూరులో పుట్టిన గాయని సునీతవి. ఈ సంగతి చూసే జనానికి తెలుసు. తెలిసి కూడా ఆ పాత్రను ప్రేమించారు, గొంతు వేరేవాళ్లదని ఎవరి మనసూ విరగలేదు. రాష్ట్ర ప్రభుత్వం నంది పురస్కారాల్లో డబ్బింగు చెప్పిన ఆడవాళ్లకని విడిగా ఒక నంది పెట్టింది. సునీత దాన్ని ఒకటికన్నా ఎక్కువసార్లు అందుకుంది. ఇక ‘అరుంధతి’. 2009లో వచ్చిన ఆ సినిమాలో పశుపతి ముఖం సోనూ సూద్‌ది, ఒళ్లు జలదరించే ఆ గొంతు రవిశంకర్‌ది. ఆ సినిమా తర్వాత రవిశంకర్‌ను జనం బొమ్మాళి రవిశంకర్ అనడం మొదలుపెట్టారు. అంటే, తెర మీద క్షణం కనిపించకుండా చెప్పిన మాట ఆయనకు ఇంటిపేరైంది. అంతకుముందు తరంలో బాపట్ల వాడు స్థానం నరసింహారావు సత్యభామ వేషం కడితే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకునేవారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది, సత్యభామకు రాలేదు.

మీ దగ్గర ఇది తలకిందులు. బొమ్మ గీసినవారిని మీరు అమ్మ అంటారట, బాగుంది. ఆ అమ్మ పేరు అందరికీ చెబుతారు, బొమ్మ పుట్టినరోజుకు అమ్మకూ శుభాకాంక్షలు వస్తాయి. లోపల కూర్చుని ఊపిరి పోసే పిల్ల పేరు మాత్రం నోరెత్తకూడదు. పనిలో ఉన్నన్నాళ్లూ ఎత్తకపోవడం నాకు సమ్మతమే. పైన చెప్పిన కారణాలతో మా పిల్లలకు కావలసిందీ అదే. పని అయిపోయాక కూడా ఎత్తకూడదంటేనే నాకు మింగుడుపడటం లేదు.

కిజునా ఐ సంగతే తీసుకోండి. 2019లో ఒక బొమ్మకు నలుగురి గొంతులు పెట్టారు. మొదటి గొంతు ఏమైపోతోందోనని అభిమానులు గోలపెట్టారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆ మొదటి గొంతు కసుగా నోజోమిదని కంపెనీయే పేరు బయటపెట్టింది. మూడేళ్లకు పైగా ప్రపంచం ప్రేమించిన మనిషికి పేరు దక్కడానికి అంత రాద్ధాంతం కావలసివచ్చింది. గౌర్ గురా అనే సొరచేప పిల్ల హోలోలైవ్‌లో 2020లో మొదలై 40 లక్షల పైచిలుకు చందాదారులను కూడగట్టుకుని 2025 మే 1న సెలవు తీసుకుంది. తోకా, పేరూ కంపెనీ దగ్గర ఉన్నాయి, ఆ అమ్మాయి మాత్రం వెళ్లింది. మీ దగ్గర 2024 ఫిబ్రవరిలో సెలెన్ తత్సుకి అనే బొమ్మను ఆడించే అమ్మాయి ఒప్పందం రద్దయింది. ఆ పంచాయితీలో ఎవరిది ఎంత తప్పన్నది తేల్చడానికి నేను ఎవరిని? ఆమె తన పాత స్వతంత్ర పేరుతో మళ్లీ వచ్చింది, అభిమానులు పెద్ద ఎత్తున వెంటవచ్చారు. గమనించవలసింది ఒక్కటే, ఆమెకు వెనక్కి వెళ్లడానికి ఒక పాత పేరుంది. పత్తి గదిలోంచి నేరుగా మీ దగ్గరకొచ్చే పిల్లకు అదీ ఉండదు. శాఖ మూసేసిన మర్నాడు ఆ పిల్ల ఎవరు? మూడేళ్లు ఏం చేశావని అడిగితే ఏం చెబుతుంది? సంబంధాలు చూడటానికి వచ్చినవాళ్లకు చెప్పలేదు సరే, ఇంకో ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా చెప్పలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుందని కాగితం మీద రాసుకోవాలి. మా ఊళ్లలో ఆడవాళ్ల పని సగం ఇప్పటికే అలా లెక్కకు రాకుండా పోతోంది. పొలంలో నాట్లు వేసి, పత్తి తీసి, కోతలకు వెళ్లి, చివరికి జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఇంటాయన చెప్పే మాట ‘ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది’ అని. దానికి టోక్యో నుంచి ఇంకో పొర కప్పక్కర్లేదు.

ప్రేమ వ్యవహారాల మీద జపాను వాళ్ల నిబంధనలు కూడా పిల్లలు చెప్పారు. 2013లో ఏకేబీ48 అనే పాటల బృందంలోని అమ్మాయి మినేగిషి మినామి ఒక అబ్బాయి ఇంట్లో రాత్రి గడిపిందని పత్రిక రాస్తే గుండు గీయించుకుని కెమెరా ముందు ఏడుస్తూ క్షమాపణ చెప్పింది. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను. మీది వేరే సంస్థ, మీకు దాంతో సంబంధం లేదు. అయినా ఈ పనిలో అలాంటి లెక్కలు ఇంకా కొందరి బుర్రల్లో ఉన్నాయని వింటున్నాను. మీ దృష్టికి తెచ్చేది ఒకటే: ఎవరితో మాట్లాడాలి, ఎవరితో మాట్లాడకూడదు అన్న ఒప్పందం మీద మా పిల్లలు పుట్టగానే సంతకం పెట్టేశారు. అదే కాగితం మీద రెండోసారి పెట్టడానికి అంతదూరం రావక్కర్లేదు.

మీ దేశం మీద నాకు అలకేమీ లేదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబరులో మీ దగ్గర విడుదలై నెలల తరబడి ఆడిందని, జపాను ఆడవాళ్లు మా ఎన్టీఆర్, రామ్‌చరణ్ డాన్సు అడుగు తప్పకుండా వేస్తున్నారని వీడియోలు చూసి ఇక్కడ మేం మురిసిపోయాం. 2024 జనవరిలో అందరూ ఆడవాళ్లే ఉండే తకరజుకా బృందం ఆ కథను నాటకం కట్టింది. మీ ఆడవాళ్లు మా భీముడి వేషం కట్టవచ్చు, మా పిల్లలు మీ బొమ్మ వేషం కట్టవచ్చు. ఇందులో ఎవరూ ఎవరికీ తక్కువ కాదు. కాకపోతే తకరజుకాలో భీముడి వేషం కట్టిన నటి పేరు కరపత్రం మీద ఉంటుంది.

ఇప్పుడు షరతులు. మళ్లీ వస్తే తెలుగుకు రండి. వందల మందిని తీసుకోమని అనడం లేదు, ఇద్దరు చాలు, వాళ్ల సొంత మాటతో మాట్లాడనివ్వండి. పద్దెనిమిది నిండనివాళ్లను వద్దు. మైనరు రాసిన ఒప్పందం మా చట్టం ప్రకారం ఎలాగూ చెల్లదు, బెకీ క్రూయెల్ రోజుల్లో లాగా తల్లిదండ్రులను ఒప్పించి పిల్లలను తీసుకెళ్లే పద్ధతి మాకు వద్దు. ఒప్పందం తెలుగులో ఉండాలి. మిరప యార్డులో తెల్లచీటీ మీద లెక్క చూసి తగవు పెట్టుకోగల మనిషి ఎవరైనా దాన్ని చదివి ఎన్ని గంటలు, ఎంత వాటా, ఎప్పుడు మానుకోవచ్చు అన్నవి తెలుసుకోగలగాలి. టోక్యోలో రాత్రి తొమ్మిదంటే మాకు సాయంత్రం అయిదున్నర, అది నడుస్తుంది. అమెరికా వాళ్ల కోసం తెల్లవారుజామున లేవమంటే ఆ సంగతి ముందే రాయండి. బొమ్మను పాడు మాటలతో వేధించేవాళ్లను ఏరిపారేయడానికి తెలుగు తెలిసిన మనిషిని జీతమిచ్చి పెట్టుకోండి. తెలుగులో బూతు ఎన్ని రకాలుగా మర్యాదగా కనిపిస్తుందో మీ యంత్రాలకు తెలియదు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది చివర చెబుతున్నాను. పని ముగిసిన రోజున, అది మీరు ముగించినా ఆమె ముగించినా, ‘అది నేనే’ అని చెప్పుకునే హక్కు ఆమె చేతిలో ఉండాలి. చెప్పుకుంటుందో లేదో ఆమె ఇష్టం. బహుశా చాలామంది చెప్పుకోరు. చెప్పకపోవడం ఆమె నిర్ణయం కావాలి, మీ కాగితంలోని పదిహేడో షరతు కాకూడదు. వీలైతే బొమ్మను కూడా ఒక న్యాయమైన ధరకు ఆమెకే ఇవ్వండి. మీరు శాఖ మూసుకుని వెళ్లిపోయాక ఆ బొమ్మతో మీకు పని ఏముంటుంది? ఇవ్వడం కుదరదంటే, ఆ బొమ్మలో ఇంకో గొంతు పెట్టబోమని రాసివ్వండి. ఇది మీ వ్యాపారానికి నష్టమని మీ లాయర్లు చెబుతారు, వాళ్ల పని అది. రవిశంకర్‌కు పేరు వచ్చినందుకు ‘అరుంధతి’ నిర్మాతకు ఒక్క టికెట్టు తగ్గలేదని వాళ్లకు చెప్పండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అమ్మాయి గదిలో తలుపు వేసుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోందని తలుపు బాదకండి. ముందు ఏం చేస్తోందో అడిగి, ఒకసారి పక్కన కూర్చుని వినండి. అది నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. నచ్చితే, ఒప్పందం కాగితం వచ్చిన రోజున నా దగ్గరకు తీసుకురండి, కలిసి చదువుదాం. వకీలు ఫీజు దగ్గర వెనకాడకండి, పత్తి విత్తనాలకు పెట్టే ఖర్చులో అదెంత?

రికు గారూ, జవాబు తెలుగులో రాయించలేకపోతే ఇంగ్లిషులోనో జపానులోనో రాయండి. చదివిపెట్టే పిల్లలు నా దగ్గరున్నారు. వాళ్లు అర్థం ఒకలా, నాకు నచ్చేటట్టు ఇంకోలా చెబుతారేమో అన్న అనుమానం ఉంది కాబట్టి, దయచేసి షరతుల సంగతి చిన్న వాక్యాల్లో, అవును కాదు అని తేలేటట్టు రాయండి.

ఇట్లు,
ఒక తెలుగు పంతులమ్మ,
దాచేపల్లి, పల్నాడు జిల్లా.